స్టార్, మ్యాప్, కాగాట్: ఏ పరీక్షతో ఎవరు ఏం నిర్ణయిస్తారు?

(టెక్సస్‌లోని తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎలెమెంటరీ, మిడిల్ స్కూల్ పిల్లలున్నవాళ్ళే ఎక్కువమంది కనిపిస్తున్నారు కాబట్టి కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ జోలికి పోను. మూడో గ్రేడు నుంచి ఎనిమిదో గ్రేడు దాకా పిల్లల మీదికి వచ్చే పరీక్షల గురించే మాట్లాడతాను.

మనలో చాలామందిమి పదో తరగతి, ఇంటర్, ఎంసెట్ దాటి వచ్చినవాళ్ళం. అక్కడ మార్కు నేరుగా పిల్లాడికే తగిలేది. ఒక్క మార్కు తేడాతో ర్యాంకు ఎక్కడికో పోయేది, దాంతో కాలేజీ, బ్రాంచి, అన్నీ మారేవి. అందుకే పరీక్ష అన్న మాట వినగానే మనకి ఒకటే తోస్తుంది: వర్క్‌బుక్ కొను, కోచింగ్‌లో చేర్చు. ఇక్కడి పరీక్షలన్నీ ఆ జాతివి కావు. కొన్ని స్కూలుని కొలవడానికి పెట్టినవి. కొన్ని టీచరుకి దారి చూపడానికి. రెండో మూడో మాత్రమే మీ బిడ్డ ఏ క్లాసులో కూర్చోవాలో తేలుస్తాయి. అన్నిటికీ ఒకే స్థాయిలో ఆరాటపడితే పిల్లలు అలిసిపోతారు, అసలైన దాని దగ్గర మనం ఏమరుపాటుగా ఉంటాం. కాబట్టి స్కూలు నుంచి పరీక్ష గురించి ఈమెయిల్ రాగానే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ స్కోరు చూసి ఎవరు, ఎప్పుడు, ఏం నిర్ణయిస్తారు? ఈమెయిల్‌లో జవాబు లేకపోతే క్యాంపస్ టెస్టింగ్ కోఆర్డినేటర్‌కి రాసి అడగండి. ప్రతి స్కూల్లో ఆ పని చూసే మనిషి ఒకరుంటారు.

ముందు టెక్సస్ రాష్ట్ర పరీక్ష స్టార్ సంగతి. మూడు నుంచి ఎనిమిదో గ్రేడు దాకా ప్రతి ఏడూ రీడింగ్, లెక్కలు. 5, 8 గ్రేడుల్లో సైన్స్ కూడా. ఎనిమిదిలో సోషల్ స్టడీస్ అదనం. పరీక్షలు ఏప్రిల్‌లో జరుగుతాయి, అన్నీ కంప్యూటర్ మీదే. ఇది టెక్సస్ ఒక్కటే సరదాపడి పెట్టింది కాదు. 2015 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ 3 నుంచి 8 దాకా ఏటా, హైస్కూల్లో ఒకసారి రీడింగ్, లెక్కలు పరీక్షించాల్సిందే. అదే చట్టం కనీసం 95 శాతం పిల్లలు రాయాలంటుంది. స్కూళ్ళు హాజరు గురించి అంత పట్టుబట్టేది అందుకే.

ఫలితం నాలుగు మెట్లలో వస్తుంది: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ వస్తే పాస్ అయినట్టే. మాస్టర్స్ రాలేదని ఇంట్లో ముఖం మాడ్చుకోవద్దు. ఒకప్పుడు 5, 8 గ్రేడుల్లో స్టార్ పాసయితేనే పై గ్రేడుకి పంపాలన్న నిబంధన ఉండేది. 2021లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఫెయిలైతే ఆ సబ్జెక్టులో కనీసం 15 లేదా 30 గంటల అదనపు బోధన ఇవ్వాలి, అదీ చిన్న గుంపులో. అది వద్దనుకున్నా, మార్చాలనుకున్నా తల్లిదండ్రులు రాసిచ్చి అడగొచ్చు.

మరి మన పిల్లల మీద స్టార్ ప్రభావం ఎక్కడ? ఐదో గ్రేడు లెక్కల్లో. 2023లో వచ్చిన చట్టం ప్రకారం ఐదో గ్రేడు లెక్కల స్టార్‌లో పై 40 శాతంలో నిలిచినవాళ్ళని, లేదా స్కూలు డిస్ట్రిక్ట్ (మన ప్రాంతం స్కూళ్ళని నడిపే జిల్లా) పెట్టుకున్న కొలతలో ఆ స్థాయి చూపినవాళ్ళని, ఆరో గ్రేడులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో స్కూలే చేర్చాలి. మనం అడగక్కర్లేదు. వద్దనుకుంటే మాత్రం మనమే చెప్పాలి. ఎనిమిదో గ్రేడులోనే ఆల్జీబ్రా 1 అనే హైస్కూల్ లెక్కల కోర్సు అందుకునే బాట అక్కడ మొదలవుతుంది. కాబట్టి ఐదో గ్రేడు లెక్కల మీద కాస్త శ్రద్ధ పెట్టడం న్యాయమే. మూడో గ్రేడు స్టార్ కోసం ఎనిమిదేళ్ళ పిల్లని జనవరి నుంచి కూర్చోబెట్టడంలో మాత్రం నాకు ఏ న్యాయమూ కనిపించదు.

ఆల్జీబ్రా 1 ని ఏడులోనో ఎనిమిదిలోనో తీసుకునే పిల్లలు మనవాళ్ళలో చాలామందే. వాళ్ళు ఆ ఏడాది గ్రేడు లెక్కల స్టార్ రాయరు, ఆల్జీబ్రా 1 ఎండ్ ఆఫ్ కోర్స్ పరీక్ష, అంటే ఆ కోర్సు చివర పెట్టే రాష్ట్ర పరీక్ష, రాస్తారు. హైస్కూల్ పట్టాకి కావలసిన 5 ఎండ్ ఆఫ్ కోర్స్ పరీక్షల్లో అదొకటి. అంటే పన్నెండేళ్ళ పిల్లాడు హైస్కూల్ పట్టాకి లెక్కలోకొచ్చే పరీక్ష రాస్తున్నాడన్నమాట. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇంకో సంగతి: ఇలా ముందే రాసేసినవాళ్ళు హైస్కూల్లో శాట్ గానీ, అలాంటిదే అయిన ఏసీటీ గానీ ఒకసారి రాయాలి. కాలేజీల కోసం కాదు, ఫెడరల్ లెక్క సరిపెట్టడానికి.

ఇక రీడింగ్ స్టార్‌లో మన పిల్లలు దెబ్బతినే చోటు చెబుతాను. ఎస్సే. 3 నుంచి 8 దాకా ప్రతి గ్రేడులోనూ ఒక పాఠం ఇచ్చి, దాని మీద ఎస్సే టైపు చేయమంటారు. దిద్దేటప్పుడు రెండు భాగాలుగా చూస్తారు: విషయం, అమరిక కలిపి 3 పాయింట్లు, వ్యాకరణం, స్పెల్లింగ్ లాంటివి 2 పాయింట్లు. మొదటి భాగంలో సున్నా వస్తే రెండోది కూడా సున్నాయే. స్పెల్లింగ్ బీ గెలిచిన పిల్లకైనా సున్నా వస్తుంది. ఎందుకొస్తుందంటే, పాఠంలో ఉన్నదాన్ని వదిలేసి తన ఊహలోంచి కథ రాసేస్తుంది. లేకపోతే పాఠంలోని వాక్యాలే వరసగా ఎత్తిరాస్తుంది. లేకపోతే రెండు వాక్యాలు రాసి ‘సబ్‌మిట్’ నొక్కేస్తుంది.

దీనికి కోచింగ్ సెంటర్ అక్కర్లేదు. లైబ్రరీ నుంచి తెచ్చిన ఏ పుస్తకమైనా చాలు. ఒక పేజీ చదివించి తెలుగులోనే అడగండి: “ఆ కుక్క ఎందుకు పారిపోయింది?” జవాబు చెప్పగానే, “ఎక్కడుంది చూపించు” అనండి. వేలు పెట్టి వాక్యం చూపిస్తుంది. “అయితే ఏంటి? దాన్నిబట్టి అలా ఎందుకనుకున్నావ్?” అనండి. ఈ మూడు జవాబులనీ ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలుగా టైపు చేయించండి. ఒక పేరా తయారవుతుంది. వారానికి రెండు పేరాలు చాలు. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాస్తే పాడైపోతారేమోనని భయపడకండి. దిద్దేవాళ్ళు వెతికేది ఆ మూడు జవాబుల మధ్య లంకె కోసమే.

టైపింగ్ కూడా అంతే ముఖ్యం. మూడో గ్రేడు పిల్ల ఒక్కో అక్షరం కోసం కీబోర్డంతా వెతుక్కుంటుంటే, మనసులో ఉన్న నాలుగో వాక్యం తెర మీదికి వచ్చేసరికి మరచిపోతుంది. రోజూ 10 నిమిషాల టైపింగ్, ఒక వర్క్‌బుక్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. స్కూల్లో ఇచ్చేది మౌస్ లేని క్రోమ్‌బుక్ అయితే ఇంట్లోనూ టచ్‌ప్యాడ్ మీదే చేయించండి. జవాబులని లాగి పెట్టే ప్రశ్నలుంటాయి. చేయి అలవాటు లేక జారిపోతే పిల్లలు విసుగెత్తి ఏదో ఒకటి పెట్టేస్తారు. టెక్సస్ అసెస్‌మెంట్ సైట్‌లో నమూనా పరీక్షలు ఉచితంగానే ఉన్నాయి. అసలు పరీక్ష కూడా తెర మీద అలాగే ఉంటుంది. ఒక్కటి చేయిస్తే చాలు.

ఒక ముఖ్యమైన మార్పు. 2025లో చేసిన చట్టం ప్రకారం 2027-28 విద్యా సంవత్సరం నుంచి స్టార్ స్థానంలో ఏడాదికి మూడు చిన్న పరీక్షలు వస్తాయి: మొదట్లో, మధ్యలో, చివర్లో. ఇప్పుడు కిండర్‌లోనో ఒకటో గ్రేడులోనో ఉన్న పిల్లల తల్లిదండ్రులు పాత స్టార్ పుస్తకాలు కొని దాచిపెట్టుకోవద్దు.

“అసలు రాయించకుండా ఉండలేమా?” అని చాలామంది అడుగుతారు. జవాబు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో విద్యా చట్టం 60615 సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులు రాసిస్తే రాష్ట్ర పరీక్షల్లో కొన్నిటి నుంచి గానీ, మొత్తంగా గానీ మినహాయించాల్సిందే. ఆ హక్కు ఉందని స్కూలు చెప్పొచ్చు, మీరు అలా రాసివ్వండి అని ప్రోత్సహించకూడదు. న్యూయార్క్‌లో 2015లో దాదాపు ఐదుగురిలో ఒకరు రాయలేదు. అక్కడ అదొక ఉద్యమమే అయింది. అక్కడున్న అక్క చెప్పిందని, తమ్ముడు వాట్సాప్‌లో పంపాడని మనం ఇక్కడ అదే చేయబోతే కుదరదు. టెక్సస్ విద్యా చట్టం 26.010 సెక్షన్ స్పష్టంగా చెబుతుంది: పరీక్ష తప్పించడం కోసం పిల్లల్ని క్లాసు నుంచి తీసుకెళ్ళే హక్కు తల్లిదండ్రులకి లేదు. కొందరు పరీక్ష రోజు పిల్లల్ని ఇంట్లో ఉంచేస్తారు. తప్పినవాళ్ళు రాయడానికి మేకప్ రోజులుంటాయి కాబట్టి మర్నాడు పిలిచి రాయిస్తారు. ఆ మేకప్ రోజులన్నీ ఇంట్లోనే ఉంచితే గైర్హాజరు లెక్క పెరుగుతుంది. రాయని పిల్లలకి కూడా, ఫెయిలైనవాళ్ళకి మల్లేనే, ఆ అదనపు గంటల బోధన వర్తిస్తుంది. హైస్కూల్ ఎండ్ ఆఫ్ కోర్స్ అయితే పట్టాయే ఆగుతుంది. టెక్సస్‌లో ఉన్నంతకాలం నా సలహా: రాయించండి, దాని బరువు మాత్రం పిల్లల నెత్తిన పెట్టకండి.

ఇండియా ప్రయాణం మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏప్రిల్లో పెళ్ళి ముహూర్తం ఉందని టికెట్ కొనే ముందు ఐఎస్‌డీ (మన స్కూలు జిల్లా) క్యాలెండర్‌లో టెస్టింగ్ రోజులు చూసుకోండి. తిరిగొచ్చేసరికి మేకప్ రోజులు అయిపోతే, ఐదో గ్రేడు పిల్లాడికి అడ్వాన్స్‌డ్ మ్యాథ్ కోసం చూపడానికి స్టార్ స్కోరే ఉండదు. అప్పుడు జిల్లా కొలత మీదే ఆధారపడాలి. అది ఏమిటో ముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మ్యాప్, పిల్లలు ఎక్కడున్నారో టీచరుకి చూపే పరీక్ష. మన ఇళ్ళలో అనవసరమైన ఏడుపులకి కారణం ఇదే. సెప్టెంబర్, జనవరి, మే ప్రాంతాల్లో చాలా స్కూళ్ళు పెడతాయి. ఇది అడాప్టివ్ పరీక్ష. సరైన జవాబు పెడితే తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పు పెడితే తేలికవుతుంది. పిల్లలు సుమారు సగం తప్పు చేసేలా దాన్ని కావాలనే అలా తయారుచేశారు. ఇంటికొచ్చి “సగం తప్పుపోయాయి నాన్నా” అంటే, పరీక్ష సరిగ్గా పనిచేసిందని అర్థం.

రిపోర్టు చేతికొచ్చాక చూపు మొదట పడేది పర్సెంటైల్ మీద. 75 అని ఉంటుంది. మనకది 75 మార్కుల్లా కనిపిస్తుంది, “మిగతా 25 ఏవి?” అంటాం. అది మార్కు కాదు. అదే గ్రేడు పిల్లల్ని 100 మందిని వరసలో నిలబెడితే మీ అమ్మాయి 75 మందితో సమానంగానో, వాళ్ళని మించో ఉందని అర్థం. అసలు కొలత రిట్ స్కోరు, అంటే మ్యాప్ సొంత కొలబద్ద మీద పిల్ల ఉన్న చోటు. రిపోర్టులో అది ఒక పరిధిగా ఉంటుంది, 209-212-215 అని. మధ్యది స్కోరు, అటూ ఇటూ ఉన్నవి కొలతలోని తడబాటు. శీతాకాలంలో 212, వసంతంలో 210 వస్తే పిల్ల తగ్గిపోలేదు, ఆ 2 పాయింట్లు తడబాటులోనే ఉన్నాయి. ఏకంగా 10 పాయింట్లు పడిపోయిందా? తిట్టే ముందు, పరీక్ష ఎన్ని నిమిషాల్లో ముగించాడో టీచర్ని అడగండి. అది నమోదై ఉంటుంది. పోయినసారి 55 నిమిషాలు కూర్చున్నవాడు ఈసారి 18 నిమిషాల్లో లేచాడంటే వాడికి లెక్కలు రాక కాదు, పక్కవాళ్ళు ముగించి ఐప్యాడ్ తీసుకున్నారని. చదవకుండా గబగబా నొక్కేస్తే ఆ సాఫ్ట్‌వేర్ కూడా పసిగట్టి టీచరుకి చెబుతుంది. మ్యాప్‌కి సమయం గడువు లేదన్న సంగతి పిల్లలకి ముందుగా చెప్పండి. మ్యాప్‌కి ప్రత్యేకంగా చదివించాల్సిన పని లేదు.

కాగాట్ వేరు. జీటీ (గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్, ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల) క్లాసులకి ఎంచుకోవడానికి చాలా జిల్లాలు దీన్ని వాడతాయి. ఇందులో పాఠాల చదువు ఉండదు, ఆలోచన తీరు చూస్తారు. మాటలు, సంఖ్యలు, బొమ్మలు అని మూడు విభాగాలు. ఒక్కోదాంట్లో మూడేసి భాగాలు, ఒక్కో భాగానికి సుమారు 10 నిమిషాలు. ఇక్కడ సమయం నిజంగా నడుస్తుంది. తప్పు జవాబుకి మార్కు కోత లేదు కాబట్టి చివరి నిమిషంలో ఏదీ ఖాళీగా వదలొద్దని చెప్పండి.

పిల్లలు తెల్లమొహం వేసేది కాగితం మడతల దగ్గర. చతురస్రం కాగితాన్ని మడిచినట్టు, దానికి చిల్లు పొడిచినట్టు బొమ్మ ఉంటుంది. విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ పడతాయో చెప్పాలి. బొమ్మల పుస్తకం 300 పేజీలు చేయించడం కంటే, డైనింగ్ టేబుల్ మీద నిజం కాగితం, హోల్ పంచ్ పెట్టుకుని కూర్చోండి. ఒకసారి నిలువుగా మడిచి కుడి అంచుకి దగ్గరగా ఒక చిల్లు పొడవండి. విప్పకముందే, “ఎన్ని చిల్లులు, ఎక్కడ?” అని అడిగి మరో కాగితం మీద చుక్కలు పెట్టించండి. అప్పుడు విప్పండి. తర్వాత రెండు మడతలు. తర్వాత ఒక మూల మాత్రం మడిచి, ఒకే పొర ఉన్న చోట చిల్లు పొడవండి. అక్కడ అందరూ తప్పుతారు, రెండు చిల్లులంటారు. ఒకే పొరలో పొడిస్తే ఒకటే చిల్లు అని వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూడాలి. రెండు మూడు వారాలు, రోజుకి 15 నిమిషాలు, ప్రశ్నల రకాలు పరిచయమయ్యేదాకా చాలు. అంతకు మించి నెలల తరబడి రుద్దితే పిల్లలు ఆలోచించడం మాని, నేర్చుకున్న కిటుకులు వెతుకుతారు. ప్రశ్న కొంచెం మారితే చిక్కుకుపోతారు.

జీటీ ఒక్క కాగాట్‌తో తేలదు. టీచరు అభిప్రాయం ఉంటుంది, తల్లిదండ్రులు నింపే ఫారం ఉంటుంది. ఆ ఫారంలో మనవాళ్ళు “మావాడు చాలా తెలివైనవాడు, కుమాన్ ట్యూషన్‌లో రెండు గ్రేడులు ముందున్నాడు” అని రాస్తారు. దాంతో ఒరిగేదేం లేదు. వాడు స్వయంగా చేసిన పని ఒకటి రాయండి: బస్సు టైమింగులు చూసి తనంతట తానే పట్టిక గీశాడు, తాతయ్య చెప్పిన పొడుపు కథల పద్ధతిలో కొత్తవి కట్టాడు, అలాంటివి. నామినేషన్ గడువు మాత్రం తప్పనివ్వకండి. గడువు దాటితే వచ్చే ఏడాది దాకా ఆగాలి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది హోమ్ లాంగ్వేజ్ సర్వే. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. “తెలుగు అని రాయకండి, ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లిష్ రాని పిల్లల క్లాసులో) పడేస్తారు” అన్న మాట ప్రతి అపార్ట్‌మెంట్లోనూ తిరుగుతుంటుంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంటే తెలుగు అనే రాయండి. అలా రాసినంత మాత్రాన పిల్లల్ని ఎక్కడా పడేయరు. ఇంగ్లిష్ పరీక్ష ఒకటి పెడతారు, వచ్చినవాళ్ళు అక్కడే బయటపడతారు. రానివాళ్ళకి సహాయం దొరుకుతుంది, అది వాళ్ళకి అవసరం కూడా. పొరపాటున తప్పు రాస్తే, చేర్చిన రెండు వారాల్లోపు, ఆ పరీక్ష ఇంకా పెట్టకముందే సవరించుకోవచ్చు. ఆ తర్వాత కుదరదు.

ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలుగా గుర్తిస్తే ఏటా టెల్పాస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయాలి: వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం. ఆ సేవలు మాకొద్దని మీరు సంతకం పెట్టినా టెల్పాస్ మాత్రం తప్పదు, బయటపడేదాకా ఏటా ఉంటుంది. బయటపడకుండా చేసేది ఎక్కువగా మాట్లాడే భాగమే. హెడ్‌సెట్ పెట్టి, తెర మీద బొమ్మ చూపి చెప్పమంటుంది. గలగలా మాట్లాడే పిల్ల కూడా కంప్యూటర్ ముందు “ఎ బాయ్ ఈజ్ ప్లేయింగ్” అని ఆపేస్తుంది. జనవరి నుంచి వారానికి రెండుసార్లు ఫోన్‌లో రికార్డు చేస్తూ ఒక బొమ్మ గురించి నిమిషంపాటు పూర్తి వాక్యాల్లో చెప్పించండి: ఏం జరుగుతోంది, అంతకుముందు ఏం జరిగి ఉంటుంది, ఎందుకు. ఇంట్లో తెలుగు మాత్రం ఆపకండి. దీనికీ దానికీ పోటీ లేదు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: మా బాబుకి ఏడీహెచ్‌డీ ఉందండీ. స్టార్‌లో ఏమైనా వెసులుబాటు దొరుకుతుందా?

దొరుకుతుందమ్మా. కానీ మార్చిలో అడిగితే దొరకదు. చాలావాటికి 504 ప్లాన్‌లోనో (వైకల్యమున్న పిల్లలకిచ్చే వెసులుబాట్ల పత్రం) ఐఈపీలోనో (ప్రత్యేక విద్య ప్రణాళిక) రాసి ఉండాలి, క్లాసులో మామూలు రోజుల్లో కూడా వాడుతూ ఉండాలి. చిన్న గుంపులో కూర్చోబెట్టడం, ప్రశ్నని కంప్యూటర్ చదివి వినిపించడం, మధ్యలో విరామాలు, ఇలాంటివి. స్కూలు మొదలైన నెలలోనే మూల్యాంకనం కోరుతూ ఈమెయిల్ రాయండి. నోటిమాటగా చెప్పి వదిలేయకండి, తేదీతో రాతలో ఉండాలి. మామూలుగా స్టార్‌కి ఆ స్కూలు రోజంతా సమయం ఉంటుంది కాబట్టి బాబుకి గడువు కంటే విరామాలే ఎక్కువ ఉపయోగపడొచ్చు. అది కూడా మీటింగులో అడగండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఎస్సేలో సున్నా వచ్చింది సార్. బాగానే రాశానంటుంది. మళ్ళీ దిద్దించొచ్చా?

దిద్దించొచ్చు. స్కూలు ద్వారా రీస్కోరింగ్ అడగాలి. ఫీజుంటుంది, స్కోరు మారితే ఆ ఫీజు తీసుకోరు. 2023 డిసెంబర్ నుంచి ఎస్సేలని మొదట కంప్యూటర్ దిద్దుతోంది, కొన్నిటినే మనుషులు చూస్తున్నారు కాబట్టి మీ అనుమానం అర్థంలేనిదేం కాదు. అయితే అడిగే ముందు ఇవాళ ఇంటికెళ్ళి ఒక పని చేయండి. రిపోర్టు మీద ఉన్న యాక్సెస్ కోడ్, అమ్మాయి పుట్టినరోజు ఇచ్చి టెక్సస్ అసెస్‌మెంట్ సైట్‌లోకి వెళ్ళండి. ఆమె టైపు చేసిన ఎస్సే అక్షరం అక్షరం కనిపిస్తుంది. పక్కన పాఠం పెట్టుకుని, ఆమె రాసిన ప్రతి మాటకీ పాఠంలో ఆధారం ఎక్కడుందో ఇద్దరూ కలిసి వెతకండి. రెండు చోట్లయినా దొరికితే రీస్కోరింగ్ అడగండి.

ప్రశ్న: గడువేమైనా ఉందా?

ఉందండీ, ఆలస్యం చేయకండి. రేపు పొద్దున్నే టెస్టింగ్ కోఆర్డినేటర్‌కి రాయండి. గ్రేడు, సబ్జెక్టు, పరీక్ష నెల రాసి, “ఎస్సే రీస్కోరింగ్ కోరుతున్నాం, చివరి తేదీ తెలపగలరు” అంటే చాలు.